బస్సు దిగేటప్పుడు చెప్పే మాట

అర్వెట్టా కిన్స్లర్ నడిపే బస్సు ఎక్కి, దిగేటప్పుడు నోరు మెదపకుండా దిగిపోయినవాణ్ణి ఆమె జన్మలో మర్చిపోదు. కోపం వల్ల కాదు, లెక్క కోసం. ఆమె సీటు పక్కన సంచిలో చిన్న నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు ఉంటాయి. ఏ జట్టునో ఆటకి తీసుకెళ్ళిన రోజున, చివరి ఆటగాడు దిగి తలుపు మూసుకోగానే ఆ పుస్తకంలో రెండంకెలు పడతాయి. దిగినవాళ్ళు ఎందరు, థ్యాంక్స్ చెప్పినవాళ్ళు ఎందరు.

మా మార్లోలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మార్లో అంటే ఏముంది, ఇండియానాలో రెండు ధాన్యం గిడ్డంగులు, ఒక చిన్న కాలేజీ, ఎవరి పశువుల కొట్టం చూసినా గోడకి ఒక బాస్కెట్‌బాల్ రింగు. అర్వెట్టాకి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న గోడకి అలాంటి రింగే ఒకటి బిగించాడు. ఆమె పెరిగి ఆరడుగులకి ఒక్క అంగుళం తక్కువ మనిషైంది. పదో తరగతికొచ్చేసరికి గీత దగ్గర నిలబడి వంద బంతులు వేస్తే ఎనభై పడేవి. ఏం లాభం? ఆమె చదివే రోజుల్లో మా బడిలో ఆడపిల్లలకి జట్టే లేదు. ఆమె కంటే పొట్టి వెధవలు, చేతకాని వెధవలు ఊరి పేరు ఛాతీ మీద వేసుకుని ఆడుతుంటే, ఆమె మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటూ చూసింది. ఆ కడుపుమంట ఇవాళ్టికీ చల్లారలేదు. దాచుకోదు కూడా, అడిగితే చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

ఇరవై ఆరేళ్ళప్పుడు స్కూలు బస్సుకి డ్రైవరు కావాలన్నారు. పొరుగూళ్ళలో ఆటలకి జట్టుని తీసుకెళ్ళే డ్రైవరుకి ఆట చూడ్డానికి లోపల కుర్చీ ఉచితం. అంతే, వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. పదిహేడేళ్ళు పసుపు బస్సు. ఆ తర్వాత కాలేజీ జట్లని అద్దెకి తిప్పే కంపెనీలో పద్దెనిమిదేళ్ళు. మొత్తం ముప్ఫై అయిదేళ్ళు ఆమె ఆటగాళ్ళని ముందు అద్దంలో చూసింది, ఆటకి ముందూ, ఆట తర్వాతా.

ఆ చూపులోంచి పుట్టిందే థ్యాంక్స్ లెక్క. "తను కూర్చున్న బండి ఎవరు నడిపారో చూడనివాడు, పక్కన బంతి కోసం చెయ్యి చాపినవాణ్ణి మాత్రం ఏం చూస్తాడు?" అంటుంది అర్వెట్టా. పుస్తకాలు తిరగేసి చూపిస్తుంది కూడా. ఏ రెండు జట్లు తలపడ్డా, ఎక్కువ థ్యాంక్స్‌లు చెప్పిన జట్టు మూడింట రెండుసార్లు గెలిచింది. మిగతా ఒక్కసారి సంగతి అడిగితే, "రిఫరీలకి కళ్ళు సరిగా కనబడక" అంటుంది.

ఇంక ఓర్వల్ ఫెనర్ పోటీ సంగతి. ఓర్వల్‌ది విత్తనాల కొట్టు. మార్చి నెల వస్తే దేశం మొత్తానికి పట్టే పిచ్చి మాకూ పడుతుంది. అరవై నాలుగు కాలేజీ జట్లు, ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు పై మెట్టుకి, చివరికి ఒక్కడు మిగిలేదాకా అరవై మూడు ఆటలు. మొదటి ఆటకి ముందే అన్నిట్లో ఎవరు గెలుస్తారో రాసిపెట్టాలి. దాన్నే బ్రాకెట్ అంటారు. ఇరవై రెండేళ్ళ కిందట ఇదే కొట్టులో ఇద్దరన్నదమ్ములు, డిఫెన్సు ఎలా ఆడాలన్న దాని మీద మాటా మాటా పెరిగి, సోయా విత్తనాల బస్తాల మధ్య దొర్లి దొర్లి కొట్టుకున్నారు. ఆ రోజు ఓర్వల్ ఒట్టు పెట్టుకున్నాడు. "నా కొట్టులో బాస్కెట్‌బాల్ తెలిసినట్టు మాట్లాడినవాడి కాగితం చింపేస్తాను. ఎవడి పద్ధతి వాడిది, ఆటతో సంబంధం ఉండకూడదు. ఏ పద్ధతి పట్టుకుంటే అరవై మూడు ఆటలకీ అదే పట్టుకోవాలి. రాసింది సిరాతో రాయాలి, మార్చకూడదు."

అప్పట్నుంచి అదే చట్టం. ఓర్వల్ ఏ కాలేజీ ఊళ్ళో ఆ వారం వాన ఎక్కువ పడితే దాన్ని గెలిపిస్తాడు. పోస్టాఫీసు నడీన్ పిన్ కోడు అంకెలు కూడుతుంది. మంగలి క్లైడ్ కోచ్ జుట్టు చూస్తాడు, పాపిడి ఎడమవైపుంటే గెలుపు. పశువుల డాక్టరమ్మ జట్ల గుర్తుల్లోని జంతువులకి నిజంగానే మనసులో కుస్తీ పెడుతుంది, ఒకసారి తాబేలుని గద్ద మీద గెలిపించి నెల్రోజులు వాదించింది. గెలిచినవాళ్ళకి బహుమతేమీ లేదు. కొట్టు గోడకున్న ప్లైవుడ్ చెక్క మీద పేరు రాస్తారు. అర్వెట్టా పేరు నాలుగుసార్లు రెండో స్థానం దాకా వచ్చి ఆగింది.

ఆమె పద్ధతికి కష్టం ఎక్కువ. అరవై నాలుగు జట్లని ఆమె ఒక్కతీ తిప్పదు కదా. కానీ దేశంలో ఏ మూల ఆటలు జరిగినా, విమానం దిగిన జట్టుని హోటలుకి చేర్చేది ఎవడో ఒక బస్సు డ్రైవరే. ముప్ఫై అయిదేళ్ళుగా హైవేల పక్క కాఫీ తాగిన స్నేహాలు ఆమెకి. మంగళవారం నుంచి గురువారం పొద్దుటిదాకా ఫోను చెవికి అంటుకుపోయి ఉంటుంది. "ఎందరు దిగారు, ఎందరు చెప్పారు? గొణిగితే లెక్కలోకి రాదు, నీకు వినబడాలి." డెన్వర్ డ్రైవరు ఒకసారి, "మా వాళ్ళు థ్యాంక్స్ చెప్పలేదుగానీ నాకో పిజ్జా ఇచ్చారు, దాన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. "తిను" అని సున్నా రాసుకుంది.

అలా ఏళ్ళు గడుస్తుండగా ఆ ఏడాది వచ్చింది. మా మార్లో కాలేజీ, పదమూడు వందల మంది పిల్లలున్న కాలేజీ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ అరవై నాలుగింట్లోకి వెళ్ళింది. జనవరిలో వరసగా అయిదు ఓడినవాళ్ళు, ఆ తర్వాత ఏం పూనిందో ఏమో, పదిహేను ఆటలు గుక్కతిప్పుకోకుండా గెలిచారు. ఊళ్ళో ముసలాళ్ళు కూడా వీధిలో కౌగిలించుకున్నారు. మొదటి ఆట శుక్రవారం, ఒహాయోలో, కొలంబస్‌లో. అవతలివాళ్ళు వెస్ట్ ప్లెయిన్స్ స్టేట్, మా కాలేజీ మొత్తం పట్టేంత వసతిగృహాలు నాలుగున్న యూనివర్సిటీ.

మార్లో జట్టుని ఏళ్ళ తరబడి తిప్పేది లీలండ్ అనే డ్రైవరు. ఆ వారమే మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కంపెనీ మేనేజరు బర్ట్ అర్వెట్టాకి ఫోను చేశాడు. "బుధవారం మార్లో పిల్లల్ని నువ్వే తీసుకెళ్ళాలి." ఆమె ఫోను పెట్టేసింది. తన ఊరి జట్టు, తన చేతిలో. యూనిఫాం రెండుసార్లు ఇస్త్రీ చేసుకుంది.

బుధవారం పొద్దున్న పదిహేను మంది ఆటగాళ్ళూ ఎక్కారు. మూడు గంటల దారి. ఒక్కడు నోరు విప్పలేదు. నవ్వు లేదు, గోల లేదు, అడిగిన ప్రశ్నకి తలూపడం తప్ప జవాబు లేదు. పైగా కోచ్, మేనేజర్లూ ముందు కార్లో వెళ్ళిపోయారు, అడగడానికి పెద్దవాడంటూ లేడు. అద్దంలో చూస్తున్న అర్వెట్టాకి ఒళ్ళు మండింది. మొదటిసారి టీవీలో పడేసరికి తలకెక్కిందా వీళ్ళకి? హోటలు ముందు తలుపు తీసింది. కెప్టెన్ లమార్ టాలివర్, ఊళ్ళో ఎదురైతే టోపీ తీసి పలకరించే పిల్లాడు, రాయిలా దిగిపోయాడు. వాడి వెనక ఒకడు, ఇంకొకడు. చివరికి ముగ్గురు మాత్రం, సీజను మొత్తంలో ఒక్క నిమిషం కూడా కోర్టులోకి దిగని ముగ్గురు, "థ్యాంక్స్ మేడమ్" అన్నారు. ఎమెట్ హోస్టెట్లర్ అనే సన్నపాటి కుర్రాడైతే రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లు చెప్పినా లెక్కలో ఒకటే.

పదిహేనుకి మూడు.

వెస్ట్ ప్లెయిన్స్ వాళ్ళని తిప్పే డోర్సీ, కొలంబస్‌లో ఆమెకి పాత స్నేహితుడు, ఆ సాయంత్రం చల్లగా చెప్పాడు. "పదిహేనుకి పధ్నాలుగు. ఆ ఒక్కడికీ పంటి నొప్పట. చేత్తో సలాం కొట్టాడు, కావాలంటే పదిహేను రాసుకో."

"చేతులకి లెక్క లేదు" అంది అర్వెట్టా. పుస్తకంలో పధ్నాలుగే రాసుకుంది.

గురువారం పొద్దున్న హోటలు గదిలో కూర్చుని, కొట్టుకి ఫోను చేసి తన బ్రాకెట్ చదివింది. ఓర్వల్ ఫోను గట్టిగా వినబడేట్టు బల్ల మీద పెట్టి, నల్ల మార్కరుతో రాస్తున్నాడు. వెనక ఊరంతా ఉన్నట్టుంది.

"తర్వాతది మనదే" అన్నాడు ఓర్వల్ హుషారుగా. "మార్లోనే కదా, రాసేస్తున్నా."

"రాయకు. వెస్ట్ ప్లెయిన్స్. పధ్నాలుగు, మూడు."

అవతల కోళ్ళగంపలో పిల్లి దూరినట్టు గోల.

"ఏంటే అర్వెట్టా, మతి పోయిందా నీకు?" నడీన్ గొంతు. "మన పిల్లలు ఓడతారని రాస్తావా? రేపట్నుంచి నీకు ఉత్తరాలిస్తే ఒట్టు!"

"నా చెయ్యి రావట్లేదమ్మా" అన్నాడు ఓర్వల్. "ఒక్కటి మార్చు. ఒకే ఒక్కటి. ఎవరూ ఏమనుకోరు."

అర్వెట్టా తగ్గలేదు. "మన కోచ్‌కి బట్టతల కదా, క్లైడ్? పాపిడే లేనివాడికి ఎడమ పాపిడి ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"అదీ... చిన్నప్పుడు ఎడమవైపే ఉండేదని వాళ్ళమ్మ చెప్పింది" అన్నాడు క్లైడ్.

"చూశారా! అందరి పద్ధతులూ మన ఊరి దగ్గరికొచ్చేసరికి వంగాయి. నాది వంగదు. అరవై రెండు ఆటలకి ఒక రూలు, ఒక్క ఆటకి ఇంకో రూలా? ముప్ఫై అయిదేళ్ళు అద్దంలో చూసింది సరదాకి కాదు. రాయి ఓర్వల్, సిరాతో."

రాశాడు. ఫోను పెట్టేశాక ఆమె మంచం అంచున కూర్చుని ఏడ్చింది. ఆమెకి తెలుసు, ఇవాళ ఒక్కటి వంచితే ఆ పుస్తకాలన్నీ ఉత్త వేళాకోళమే. డ్రైవరు సీట్లోంచి కూడా ఆట కనబడుతుందని, కోచ్‌లకి కనబడనిది కనబడుతుందని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ లెక్కొక్కటే. అయినా ఆ పిల్లలు ఓడతారని చదివిన నోరు చేదుగా ఉంది.

గంట తిరక్కుండా మేనేజరు బర్ట్ ఫోను. "ఇక్కడ నా బుర్ర తినేస్తున్నారు. సొంత డ్రైవరే జట్టు మీద రాసిందంటే అపశకునమట. నిన్ను దింపేసి ఇంకొకర్ని పంపమంటున్నారు. మధ్యాహ్నానికి మార్చు, లేకపోతే సాయంత్రానికి మన ఇంకో డ్రైవరు డేవ్‌ని పంపిస్తాను."

"మార్చను."

"అర్వెట్టా, నీ సీటు పోతుంది."

"పోతే పోనీ. బస్సు కడిగి అప్పజెబుతాను" అంది. అని, నిజంగానే బకెట్టు పట్టుకుని కిందికి దిగింది.

పార్కింగులో ముందు అద్దం తుడుస్తూ ఉంటే లమార్ వచ్చాడు. ఎముకలు కొరికే చలిగాలి. పల్చటి చొక్కాలో వణుకుతున్నాడు.

"లోపలికి రా నాయనా, హీటరుంది" అంది, కోపం ఉన్నా.

మెట్టు మీద కాలు పెట్టబోయినవాడు నిప్పు తొక్కినట్టు వెనక్కి తీసుకున్నాడు. "వద్దు మేడమ్. ఎక్కితే మాట్లాడకూడదు."

"ఏంటి?"

"లీలండ్ గారు చెప్పలేదా మీకు?"

"తుంటి విరిగి మూలుగుతున్నవాడు ఏం చెబుతాడు?"

లమార్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "బయటికి చెబితే పోతుందనుకుని మేమూ ఎవరికీ చెప్పలేదు. జనవరిలో అయిదో ఆట ఓడాక కోచ్‌కి పిచ్చి కోపం వచ్చింది. ఆ మర్నాటి ఆటకి వెళ్ళేటప్పుడు, బస్సులో ఒక్కడు నోరు విప్పినా ఇంటికి నడిపిస్తానన్నారు. ఎక్కింది మొదలు దిగి లోపలికి వెళ్ళేదాకా కిక్కురుమనలేదు. ఆ రోజు గెలిచాం. అప్పట్నుంచి వెళ్ళేటప్పుడు మాట్లాడం. పదిహేను ఆటలు. వచ్చేటప్పుడు మాత్రం పాటలు పాడి లీలండ్ గారి చెవులు చిల్లులు పొడిచేవాళ్ళం."

అర్వెట్టా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "మరి ఆ ముగ్గురూ?"

లమార్ మొహమాటంగా తల గోక్కున్నాడు. "వాళ్ళు ఎలాగూ ఆడరు కదా మేడమ్. వాళ్ళ నోటికి లెక్క లేదనుకున్నాం."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పన్నెండు మంది, గౌరవం లేక కాదు, గెలుపు జారిపోతుందని పెదాలు బిగబట్టుకున్నారు. దాన్ని తను పొగరనుకుంది. ఇన్నేళ్ళలో ఇంత తప్పుడు లెక్క ఎప్పుడూ రాయలేదు.

"సిరాతో రాయించేశాన్రా అబ్బాయి" అంది. "మార్చడానికి లేదు."

"మార్చకండి!" లమార్ దాదాపు అరిచాడు. "అందుకే వచ్చాను. మిమ్మల్ని మారుస్తారని విన్నాం. ఒకసారి డ్రైవర్ మారితేనే మా ప్రాణాలు పోయాయి. ఇంకోసారి మారిస్తే కొంప మునుగుతుంది. కోచ్‌తో చెప్పాం, మీరు నడిపితేనే ఎక్కుతామని. మీ రూలు మీది, మా రూలు మాది. ఎవరూ ఏదీ మార్చొద్దు."

"మీ మీద రాసినదాన్ని నడపమంటావా?"

"మా మీద రాసినందుకు ఊరంతా తిడుతున్నా నిలబడ్డారు కదా మేడమ్. మీలాంటివాళ్ళే నడపాలి."

ఆ మాటకి అర్వెట్టా అటు తిరిగి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. బర్ట్ డేవ్‌ని పంపలేదు.

శుక్రవారం ఆట ఆమె పై వరసలో డోర్సీ పక్కన కూర్చుని చూసింది. మొదటి సగం అయ్యేసరికి మావాళ్ళు తొమ్మిది వెనక. "నీ కాగితం భేషుగ్గా ఉంది" అన్నాడు డోర్సీ. "నోరు ముయ్" అంది ఆమె. రెండో సగంలో మావాళ్ళు పళ్ళు బిగించి ఒక్కో పాయింటూ లాక్కున్నారు. అర నిమిషం ఉండగా తేడా ఒక్కటి. అప్పటికే ఇద్దరు అయిదేసి ఫౌళ్ళతో బయటికెళ్ళారు, మూడోవాడి చీలమండ మెలికపడింది. కోచ్ బెంచీ వైపు తిరిగి అటు చివరిదాకా చూశాడు. ఎమెట్ హోస్టెట్లర్ లేచాడు.

అర్వెట్టా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. సీజను మొత్తం చెమట పట్టని చొక్కా. అవతలివాళ్ళ కొండలాంటి ఆటగాడు బంతితో దూసుకొస్తుంటే, ఎమెట్ దారికి అడ్డంగా నిలబడి గుండెల మీద గుద్దించుకుని వెల్లకిలా పడ్డాడు. ఈల మోగింది. తప్పు అవతలివాడిది, బంతి మాది. ఆ బంతిని లమార్ చివరి క్షణంలో రింగులో వేశాడు. ఒక్క పాయింటుతో గెలిచాం. అర్వెట్టా డోర్సీ భుజం విరిగేట్టు బాదింది. ఆమె బ్రాకెట్‌లో వెస్ట్ ప్లెయిన్స్ ఇంకా మూడు ఆటలు గెలవాలి. ఆ సాయంత్రమే ఆమె కాగితం నాశనమైంది. చివరికి కొట్టులో అందరికంటే ఆఖర్న నిలిచింది, పిన్ కోడు కూడికల నడీన్ కూడా ఆమె పైనే ఉంది. హోటలుకి తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో పాటలకి ఆమె చెవులు రెండ్రోజులు మోగాయి.

ఆదివారం రెండో ఆట ఓడిపోయాం. ముందే చెప్పేస్తున్నాను, పదకొండు పాయింట్ల తేడా, అందులో దాచడానికేం లేదు. మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకునేది ఆ ఆట గురించి కాదు, దానికి ముందు బస్సు దిగడం గురించి.

ఆ మధ్యాహ్నం పదిహేను మందీ నిశ్శబ్దంగా ఎక్కారు. ఈసారి అర్వెట్టా ఏమీ అడగలేదు, రేడియో కూడా కట్టేసింది. ఎమెట్ నోరు అందరికంటే గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. మిగిలిన ఇద్దరూ అంతే. ఎవరు ఎప్పుడు దిగాల్సి వస్తుందో తెలియదని శుక్రవారం తేలిపోయింది. ఇప్పుడు వాళ్ళ నోటికీ లెక్కుంది.

స్టేడియం వెనక ద్వారం దగ్గర బస్సాపి, తలుపు తీసి, ముప్ఫై అయిదేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది అర్వెట్టా. సీట్లోంచి లేచి వాళ్ళకంటే ముందు కిందికి దిగింది. టోపీ తీసి తలుపు పక్కన నిటారుగా నిలబడింది.

"థ్యాంక్స్, లమార్" అంది.

లమార్ దవడలు బిగుసుకున్నాయి. తలైనా ఊపకుండా ముందుకి నడిచాడు. వాడి వెనకవాణ్ణీ పేరు పెట్టి పిలిచి అదే మాట చెప్పింది. ఆ తర్వాతవాడికీ, ఆ తర్వాతవాడికీ. అందరి పేర్లూ ఆమెకి వచ్చు. ఎమెట్ దిగేటప్పటికి వాడి కళ్ళనిండా నీళ్ళు, పెదాలు తెల్లబడేదాకా నొక్కిపెట్టుకున్నాడు. "థ్యాంక్స్, ఎమెట్" అంది. ఇంకోసారి కూడా అంది.

పదిహేను మందికీ చెప్పింది. ఒక్కడు కూడా తిరిగి పలకలేదు. వాళ్ళు వరసగా లోపలికి వెళ్ళిపోతుంటే, తన ఊరి పేరు వాళ్ళ వీపుల మీద చూస్తూ, ఆమె చలిలో అలాగే నిలబడి ఉంది. ఆ క్షణంలో తనకున్నంత గర్వం ఆ దేశంలో ఏ కోచ్‌కీ ఉండి ఉండదని అర్వెట్టా ఇప్పటికీ అంటుంది, మేమెవరం కాదనం.